పులిమేక బండ నుంచి ఆటపెట్టె దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెలలో పెరిగినవారికి పులిమేక ఆటను గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. రచ్చబండ మీదనో, గుడి అరుగు మీదనో, ఇంటి ముందరి షాబాదు బండ మీదనో సుద్దముక్కతో ఒక ముక్కోణం గీసి, దానికి అడ్డంగా కొన్ని గీతలు గీస్తే చాలు, ఆటస్థలం సిద్ధమైనట్లే. మూడు పెద్ద రాళ్ళు పులులు. పదిహేను చిన్న రాళ్ళు మేకలు. పులి మేకమీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలు కలసికట్టుగా నిలిచి పులిని కదలకుండా కట్టివేయాలి. పైసా ఖర్చులేని ఈ ఆటతో మన తాతలు ఎన్నో వేసవి మధ్యాహ్నాలు గడిపారు.

ఈనాడు అదే అరుగుమీద కూర్చున్న పిల్లవాడి చేతిలో ఫోను ఉన్నది. అందులో వాడు ఎక్కడో ఉన్న తొంభైతొమ్మిదిమందితో కలిసి ఒక ఊహాద్వీపంలో యుద్ధం చేస్తున్నాడు. మరికొంత స్తోమతు ఉన్న ఇంట్లో టెలివిజనుకు తగిలించిన ఆటపెట్టె, అనగా కన్సోల్, ఉన్నది. ఈ కొత్త ఆటలను గూర్చి వార్తలకూ, వివాదాలకూ కొదువ లేదు. ఒకసారి హింస అంటారు, ఒకసారి వ్యసనం అంటారు, మరొకసారి జూదం అంటారు; కొన్నిటిని నిషేధిస్తారు, కొన్నిటికి బహుమతులిస్తారు.

ఈ వ్యాసకర్త కూడా చిన్ననాటినుంచి ఆటగాడే. కావున ఆటలను దూషించడానికిగాని, నెత్తిన పెట్టుకోవడానికిగాని ఈ వ్యాసం రాయడం లేదు. ఆటల చరిత్రలోని తగాదాలను వరుసగా పరిశీలిస్తే వాటన్నిటి అడుగున ఒకే ప్రశ్న కనిపిస్తుంది: ఆట నియమం ఎవరి చేతిలో ఉన్నది? ఆడేవాడి కంటికి కనిపిస్తున్నదా, లేక పెట్టెలో దాగి ఉన్నదా? ఈ ప్రశ్నను చేతబట్టుకొని బండ మీదినుంచే బయలుదేరుదాం.

బండ మీది గణితం

పులిమేకను పులిజూదం అని కూడా అంటారు. పేరులో జూదం ఉన్నదేగాని ఆటలో లేదు. ఇందులో పాచికలు లేవు, గవ్వలు లేవు. ఇరవైమూడు బిందువులు, వాటిని కలిపే గీతలు ఇద్దరి కళ్ళెదుటా ఉన్నాయి. ఓడినవాడు అదృష్టాన్ని నిందించడానికి వీలులేదు. నేపాలులో ఆడే బాఘ్‌చాల్ దీనికి దగ్గరి చుట్టం. అందులో ఇరవైఐదు బిందువులు, నాలుగు పులులు, ఇరవై మేకలు. యూ జిన్ లిమ్, యుర్గ్ నీవెర్గెల్ట్ అనే శాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయంతో ఈ ఆటను శోధించి, రెండు పక్షాలవారూ ఎక్కడా తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరనీ, ఓడరనీ 2009లో ప్రకటించిన పరిశోధనా పత్రంలో నిరూపించారు. పల్లెటూరి ఆట అని తీసిపారేసిన దానిలో యంత్రం కూడా చెమటోడ్చవలసినంత లోతు ఉన్నదన్నమాట.

అష్టాచెమ్మా సంగతి వేరు. ఇందులో అదృష్టం ఉన్నది. అయితే ఆ అదృష్టాన్ని మనం లెక్కవేయవచ్చు. నాలుగు గవ్వలను గాని, ఒక పక్క అరగదీసిన నాలుగు చింతగింజలను గాని వేస్తాం. ఒక్కొక్క గవ్వ వెల్లకిలా పడడానికీ, బోర్లా పడడానికీ సమానావకాశం ఉన్నదనుకొందాం. అప్పుడు నాలుగు గవ్వలు పడే విధాలు 2×2×2×2, అనగా 16. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా వీటిలో ఒకటే. నాలుగూ బోర్లా పడే అష్టా కూడా ఒకటే. రెండు పడడానికి ఆరు విధాలున్నాయి. ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు. నిజమైన గవ్వ ఇంత సమానంగా పడదు కాని, పది ఆటలు చూసిన అవ్వకు ఏది ఎంత తరచుగా పడుతుందో అనుభవం మీద తెలిసిపోతుంది. పంట ఎప్పుడు వేయాలో, కాయ ఎప్పుడు జరపాలో ఆమె ఆ తెలివితోనే నిర్ణయిస్తుంది. ఇక్కడ అదృష్టానికి కూడా దాపరికం లేదు. గవ్వలు అందరి ముందూ పడతాయి.

ప్రయోగశాలలో పుట్టిన ఆట

తెరమీద ఆడే ఆట మొదట వ్యాపారుల చేతిలో పుట్టలేదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు 1958 అక్టోబరులో సందర్శకులు రావలసి ఉండెను. గోడకు తగిలించిన చిత్రాలు చూసి వారు విసుగు చెందుతారని విలియం హిగిన్‌బాతమ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం ఆలోచించాడు. విద్యుత్తరంగాలను చూపే ఆసిలోస్కోపు తెరమీద ఒక గీత నేలగా, ఒక చిన్న గీత వలగా, ఒక వెలుగుచుక్క బంతిగా అమర్చి టెన్నిస్ ఆట తయారుచేశాడు. బంతి గమనాన్ని అనలాగ్ కంప్యూటరు లెక్కగట్టేది. ఆడడానికి సందర్శకులు బారులు తీరారు. హిగిన్‌బాతమ్ దానికి పేటెంటు తీసుకోలేదు.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటరు మీద ‘స్పేస్‌వార్’ అనే ఆట తయారుచేశారు. రెండు ఆకాశనౌకలు ఒక నక్షత్రం చుట్టూ తిరుగుతూ పోరాడుకొనే ఆట అది. దీన్నీ అమ్మలేదు. ఇతర విశ్వవిద్యాలయాలలోనివారు దాని ప్రోగ్రాము నకలు తీసుకొని తమకు తోచిన మార్పులు చేసుకొన్నారు. పులిమేక నియమాలు ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి పోయేటప్పుడు కొద్దిగా మారినట్లే ఇదీ మారుతూ పోయింది. ఆ దశలో నియమం అందరి సొత్తు.

ఇంటి టెలివిజను మీద ఆడుకొనే యంత్రం ఊహ రాల్ఫ్ బేర్‌ది. నాజీల కాలంలో బాల్యంలోనే జర్మనీ విడిచి అమెరికా చేరిన ఇంజనీరు ఆయన. 1966లో ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. అది 1972లో ‘మాగ్నవాక్స్ ఒడిస్సీ’ అనే పేరుతో అంగడికి వచ్చింది. దీనిలో మైక్రోప్రాసెసర్ లేదు. తెరమీద కొన్ని చుక్కలనూ, ఒక గీతనూ మాత్రమే చూపగలదు. మైదానం బొమ్మ కావాలంటే రంగుల పారదర్శక కాగితాన్ని టెలివిజను తెరకు అంటించుకోవాలి. పెట్టెలో పాచికలు, పేకముక్కలవంటి చీట్లు, ఉత్తుత్తి నోట్లు కూడా పెట్టి ఇచ్చారు. ఎన్ని పాయింట్లు వచ్చాయో యంత్రం చెప్పదు, ఆడేవాళ్ళే రాసుకోవాలి. అనగా లోకంలోని మొట్టమొదటి ఇంటి కన్సోల్ సగం యంత్రం, సగం అష్టాచెమ్మా. తెరమీది వెలుగు యంత్రానిది, నియమం ఇంకా మనుషులదే.

మొదటి తగాదా కూడా అప్పుడే మొదలైంది. నోలన్ బుష్‌నెల్ స్థాపించిన అటారీ సంస్థ అదే సంవత్సరం ‘పాంగ్’ అనే బల్లబంతి ఆటను విడుదల చేసింది. ఇది తన ఆలోచనే అని మాగ్నవాక్స్ సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. 1972 మేలో జరిగిన ఒడిస్సీ ప్రదర్శనకు బుష్‌నెల్ హాజరై, అక్కడి సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి ఉన్నాడు. 1976లో అటారీ అనుమతి రుసుము చెల్లించడానికి ఒప్పుకొని రాజీపడింది. ఆట అందరి సొత్తుగా ఉన్న కాలం అక్కడితో ముగిసిందని చెప్పవచ్చును.

క్యాసెట్టు వచ్చిన పిమ్మట

1976లో వచ్చిన ‘ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్’ యంత్రంతో పెద్ద మార్పు వచ్చింది. దీనిలో మైక్రోప్రాసెసర్ ఉన్నది. ఆట ప్రోగ్రామును ఒక చిన్న పెట్టెలోని చిప్పులో భద్రపరచి యంత్రానికి తగిలించే పద్ధతి దీనితో వాడుకలోకి వచ్చింది. జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు దీని రూపకల్పనకు నాయకత్వం వహించాడు. మన ప్రాంతంలో ఆ పెట్టెనే ‘క్యాసెట్టు’ అంటాం. మరుసటి సంవత్సరం వచ్చిన అటారీ యంత్రం దీన్ని ఇంటింటికీ చేర్చింది.

ఆ అటారీ యంత్రపు జ్ఞాపకశక్తి ఎంతో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపోతారు. 128 బైట్లు మాత్రమే! ఈనాటి సంకేత పద్ధతిలో ఒక్కొక్క తెలుగు లిపి గుర్తుకు మూడు బైట్లు కావాలి. కనుక నలభైరెండు గుర్తులు రాసేసరికి అది నిండిపోతుంది. ఒక పూర్తి చిత్రాన్ని దాచుకొనే చోటు లేక, టెలివిజను కిరణం తెరమీద ఒక్కొక్క గీత గీస్తుండగానే, రాబోయే గీతలో ఏముండాలో ప్రోగ్రాము అప్పటికప్పుడు అందించేది. ఇంత ఇరుకులో కూడా అద్భుతమైన ఆటలు రాసిన ప్రోగ్రామర్ల పేర్లు క్యాసెట్టు మీద అచ్చు వేయడానికి అటారీ యాజమాన్యం ఒప్పుకోలేదు. పేరూ లేక, అమ్మకాలలో వాటా లేక నొచ్చుకొన్న నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి, సంగీత వ్యాపారంనుంచి వచ్చిన ఒకరితో కలిసి 1979లో ‘యాక్టివిజన్’ సంస్థను స్థాపించారు. యంత్రం ఒకరిది, ఆట మరొకరిది కావడం అప్పటినుంచే. అటారీ వ్యాజ్యం వేసింది. అదీ రాజీతోనే ముగిసింది.

పిమ్మట ఎవరు పడితే వారు క్యాసెట్లు చేయసాగారు. పెట్టె మీద బొమ్మ అందంగా ఉండేది. లోపల ఆట ఎట్లా ఉన్నదో కొన్నాకగాని తెలియదు. ‘ఈటీ’ అనే ప్రసిద్ధ చలనచిత్రం ఆధారంగా 1982 పండుగ రోజులకు ఒక ఆట కావాలని అటారీ తొందరపడింది. దానికి ప్రోగ్రామరుకు దొరికిన వ్యవధి సుమారు ఐదు వారాలు. ఫలితం ఊహించుకోవచ్చును. 1983లో అమెరికా ఆటల అంగడి కుప్పకూలింది. ఏటా సుమారు 320 కోట్ల డాలర్లుగా ఉండిన ఇంటి ఆటల వ్యాపారం 1985 నాటికి సుమారు 10 కోట్లకు పడిపోయిందని అంచనా. అమ్ముడుపోని క్యాసెట్లను అటారీ న్యూమెక్సికోలోని అలమొగోర్డో వద్ద చెత్తగుంతలో పూడ్చివేసింది. 2014లో ఆ గుంతను తవ్వి వాటిని బయటికి తీశారు. మన నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల నాటి మెట్ల క్రీడారంగం బయటపడింది. భూమి కింద ఆటల చరిత్ర దొరకడం రాజుల కాలానికే పరిమితం కాదన్నమాట!

తాళం చిప్పు, నకలు క్యాసెట్టు

జపానులోని నింటెండో సంస్థ 1983 జూలైలో ‘ఫామికామ్’ అనే కన్సోల్‌ను విడుదల చేసింది. 1985లో దాన్నే రూపు మార్చి అమెరికాకు తెచ్చినప్పుడు అందులో ఒక తాళాన్ని అమర్చింది. యంత్రంలో ఒక చిప్పు, క్యాసెట్టులో దానికి జత చిప్పు ఉంటాయి. రెండూ ఒకే లెక్కను ఒకే సమయంలో చేస్తూ ఒకదాని జవాబును ఒకటి సరిచూసుకొంటాయి. జవాబు తప్పితే యంత్రం ఆడనివ్వదు. కనుక నింటెండో అనుమతి లేనిదే ఎవరూ క్యాసెట్టు చేయలేరు. అనుమతి పొందినవారు కూడా ఏటా ఐదు ఆటలకు మించి విడుదల చేయరాదని షరతు పెట్టింది. నాసిరకం ఆటలు పోయి అంగడి కోలుకొన్నది. అయితే ఏ ఆట ఉండాలో, ఏది ఉండరాదో నిర్ణయించే అధికారం ఒక్క సంస్థ చేతిలోకి వెళ్ళింది. ఈనాటి కన్సోళ్ళకూ, ఫోను దుకాణాలకూ ఈ తాళమే మూలపురుషుడు.

మన పట్టణాలకు వచ్చినది తాళంలేని ఫామికామ్ తరహా నకలు యంత్రం. అసలు యంత్రం ధర, దానిపై దిగుమతి సుంకం మధ్యతరగతికి అందేవి కావు. 1990 దశకంలో రకరకాల పేర్లతో వచ్చిన నకళ్ళు మాత్రం అందేవి. వీడియో దుకాణంలో గంటకు ఇంత అని అద్దెకు ఆడించేవారు. ‘ఒకే క్యాసెట్టులో 9999 ఆటలు’ అని అట్టమీద రాసి ఉండేది. ఈ వ్యాసకర్త పైసా పైసా కూడబెట్టి అట్లాంటి క్యాసెట్టు కొని, ఒక సెలవంతా వరుసగా ఆడి లెక్కించగా, అందులో ఉన్నవి పదిలోపు ఆటలే. మిగిలినవన్నీ అవే ఆటలు, ఒకటి రెండవ అంచెనుంచి, మరొకటి మూడవ అంచెనుంచి మొదలవుతాయి. అమ్మినవాడిపై కోపం వచ్చిన మాట నిజమే. అయినా ఈ నకలు యంత్రాలే లేకుంటే మా తరంలో చాలామంది ఆ ఆటల ముఖం చూసేవారు కారు. తాళం వేసినవాడు నాణ్యాన్ని కాపాడాడు, నకలు తీసినవాడు పేదవాడికి అందించాడు. ఇద్దరిలో ఎవరూ ఆడేవాడిని మాత్రం ఏమీ అడగలేదు.

హింస, వయస్సు, వ్యసనం

1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’ ఆటలో ఓడినవాడిని ఘోరంగా చంపే దృశ్యాలున్నాయి. దీనివంటి ఆటలపై 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణ జరిగింది. ప్రభుత్వం చట్టం చేయకమునుపే పరిశ్రమ తానే 1994లో వయస్సును బట్టి ఆటలను వర్గీకరించే సంస్థను ఏర్పాటు చేసుకొన్నది. సినిమాకు సెన్సారు చీటీ వలె ఆటపెట్టె మీద వయస్సు గుర్తు కనిపించడం ఆ దేశంలో దీని ఫలితమే. 2011లో అమెరికా సుప్రీంకోర్టు, పుస్తకాలకూ నాటకాలకూ ఉన్న భావప్రకటన రక్షణ వీడియో ఆటలకూ ఉన్నదని తీర్పు చెప్పింది.

హింసాత్మకమైన ఆట ఆడినవాడు హింసకు దిగుతాడా అనే ప్రశ్నపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. వ్యసనం విషయంలో మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిర్వచనం ఇచ్చింది. ఆటపై అదుపు కోల్పోవడం, ఇతర పనులకంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కలుగుతున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా పన్నెండు నెలలైనా కొనసాగి, చదువునో, పనినో, కుటుంబాన్నో గట్టిగా దెబ్బతీసినప్పుడు దాన్ని రుగ్మతగా పరిగణించాలన్నది. ఈ వర్గీకరణ 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. సెలవులలో నాలుగు రోజులు ఎక్కువగా ఆడిన పిల్లవాడు రోగి కాడని దీన్నిబట్టి తల్లిదండ్రులు గ్రహించవచ్చును.

2016 తరువాత చౌక ఇంటర్నెట్టుతో ఫోనే మన పల్లెల కన్సోల్ అయింది. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్ ఊరూరా పాకింది. దేశ సార్వభౌమత్వానికీ, సమాచార భద్రతకూ భంగకరమన్న కారణంతో కేంద్రప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న దీనితో సహా 118 యాప్‌లను నిలిపివేసింది. అదే ఆట 2021 జూలైలో వేరు పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్ళీ ఆగింది. 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఇంట్లో తల్లిదండ్రులు పోరాడినది పిల్లల సమయాన్ని గూర్చి. ఢిల్లీలో చెప్పిన కారణం సమాచార భద్రత. ఒకే ఆటపై రెండు వేర్వేరు తగాదాలు జరిగాయి. ఈ తేడా తెలియక చాలామంది ఆట చెడ్డదని తేలినందుకే నిషేధించారనుకొన్నారు.

నైపుణ్యమా, అదృష్టమా?

జూదం తగాదాలో మన ప్రాంతానిది ముఖ్యమైన పాత్ర. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలోనివి. ఇక్కడ 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం అమలులో ఉండేది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది. కనుక ఇది 1895-96 నాటి చట్టం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా తెలంగాణలో ఇదే కొనసాగింది.

1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని ఈ చట్టం కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు వెలువరిస్తూ రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదన్నారు. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తెలియాలి. కనుక ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తేల్చారు. కాని దానితోపాటే మరొక మాట కూడా అన్నారు. పందెం పెట్టి ఆడే ఆటనుంచి ఇంటి యజమానిగాని, క్లబ్బుగాని లాభం తీస్తున్నట్లు సాక్ష్యం ఉంటే అది నేరం కావచ్చునన్నారు. మొదటి మాటను లోకమంతా జ్ఞాపకం పెట్టుకొన్నది. రెండవ మాటను మరచిపోయింది.

యాభై ఏళ్ళ తరువాత ఫోనుమీద రమ్మీ ఆడించే వ్యాపార సంస్థలు ఈ తీర్పునే డాలుగా పట్టుకొన్నాయి. అయితే క్లబ్బులో నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని ఆడేదానికీ, దీనికీ తేడా ఉన్నది. బల్లమీద ముక్కలు కలిపేది కళ్ళెదుటనే. ఫోనులో ముక్కలు పంచేది సంస్థవారి ప్రోగ్రాము. ఎదుట ఆడేది ఎవరో తెలియదు. ప్రతి పందెంనుంచీ సంస్థ తన వాటా తీసుకొంటుంది. ఎవరు ఓడినా, ఎవరు గెలిచినా ఆ వాటా ఆగదు. పదిమంది వందేసి రూపాయలు పెట్టి, ప్రతి ఆటకూ నూటికి పది సంస్థకు పోతున్నదనుకొందాం. అదే డబ్బు ఏడు సార్లు చేతులు మారేసరికి వేయి రూపాయలలో ఆటగాళ్ళ చేతిలో మిగిలేది 478 రూపాయలే. ఎంత నైపుణ్యం ఉన్నా ఈ లెక్క మారదు. కొందరు గెలిచినా, అందరూ కలిసి ఓడుతారు. కూలి డబ్బు, ఎరువులకు దాచిన డబ్బు ఇట్లా పోయిన ఇళ్ళకు ఇది పుస్తకాల లెక్క కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషను, ఆటల పరిశ్రమలను ప్రోత్సహించే ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. 2017లో అదే ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, రమ్మీతో సహా డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. చివరకు పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా, అదృష్టమా అనే పాత విభజనను ఈ చట్టం పక్కన పెట్టింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఆడేవారికి శిక్ష లేదు. పోటీ క్రీడలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. ఈ చట్టాన్ని కొన్ని సంస్థలు న్యాయస్థానాలలో సవాలు చేశాయి. ఎవరి వాదం ఏదైనా, 1967లో హిదయతుల్లా అన్న రెండవ మాటకు దాదాపు అరవై ఏళ్ళకు దేశం తిరిగి వచ్చిందని చెప్పవచ్చును.

మూసిన పెట్టె

పందెం లేని ఆటలలో కూడా జూదం చొరబడింది. ‘లూట్ బాక్స్’ అనే పద్ధతిలో ఆటగాడు డబ్బు ఇచ్చి ఒక మూసిన పెట్టెను కొంటాడు. లోపల మంచి ఆయుధమో, పనికిరాని అలంకారమో ఉంటుంది. 2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’ అనే కన్సోల్ ఆటలో ఈ పెట్టెలపై ప్రపంచమంతటా ఆటగాళ్ళు తిరగబడ్డారు. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని ఆటలలోని ఇట్టి పెట్టెలు జూదమేనని తేల్చింది. చైనా ప్రభుత్వం 2017 మే నుంచే, ఏ వస్తువు దొరికే అవకాశం ఎంతో బయటపెట్టాలని నిబంధించింది.

ఈ అవకాశపు లెక్క ఎంత మోసపుచ్చుతుందో చూడండి. అరుదైన వస్తువు నూటికి ఒక పెట్టెలో ఉంటుందనుకొందాం. నూరు పెట్టెలు కొంటే అది తప్పక దొరుకుతుందని పిల్లవాడు అనుకొంటాడు. కాని ప్రతి పెట్టెలోనూ అది లేకపోయే అవకాశం 99/100. దీన్ని నూరు సార్లు గుణిస్తే వచ్చేది సుమారు 37/100. అనగా నూరు పెట్టెలు కొన్నవారిలో మూడింట ఒకరికంటె ఎక్కువమంది వట్టి చేతులతో మిగులుతారు. గవ్వల లెక్క అవ్వకు తెలుసును. ఈ పెట్టె లెక్క చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

మరియొక మార్పు ఉన్నది. క్యాసెట్టు ఒకసారి కొంటే మనది. ఈనాటి ఆటలలో చాలా భాగం సంస్థవారి దూరపు కంప్యూటరు మీద నడుస్తాయి. 2024 మార్చి 31న ‘ది క్రూ’ అనే కార్ల ఆటకు దాని సంస్థ ఆ కంప్యూటర్లను నిలిపివేయగా, డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ఆట దక్కకుండా పోయింది. కొన్న ఆటలను చంపవద్దని ఐరోపాలో ఆటగాళ్ళు ఉద్యమం లేవదీశారు. అమ్ముతున్నది ఆటను కాదు, ఆడుకొనే అనుమతిని మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది.

ఆడేవాడు అడగవలసినవి

ఈ చరిత్రనుబట్టి ఈ వ్యాసకర్తకు తోచిన అభిప్రాయం ఇది. ఆట తెరమీద ఉన్నంతమాత్రాన చెడ్డది కాదు. బండమీద ఉన్నంతమాత్రాన మంచిదీ కాదు. కొత్త ఆట ఏది వచ్చినా మూడు ప్రశ్నలు వేసి చూడాలి. నియమం నాకు కనిపిస్తున్నదా? అదృష్టం ఉంటే దాని లెక్క నాకు చెప్పారా? నేను ఓడినా, గెలిచినా లాభం తీసేవాడు మధ్యలో ఎవరైనా కూర్చున్నాడా? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చిన ఆటను పిల్లలచేత ఆడనివ్వవచ్చును, మనమూ పక్కన కూర్చొని ఆడవచ్చును. సరైన జవాబు రానిచోట ఎంత అందమైన బొమ్మలున్నా జాగ్రత్తపడాలి.

మన పిల్లలలో ఆటలు ఆడేవారేగాక తయారుచేసేవారు కూడా బయలుదేరుతున్నారు. ప్రోగ్రాము నేర్చుకొంటున్న విద్యార్థికి మొదటి అభ్యాసంగా పులిమేకను రాయమని చెప్పడం బాగుంటుంది. ఇరవైమూడు బిందువులు, ఏ బిందువునుంచి ఏ బిందువుకు దారి ఉన్నదో చెప్పే ఒక పట్టిక, దూకడానికి ఒక నియమం, ఇంతే కావలసినది. రాసిన తరువాత ఆ నియమాలను తెరమీద అందరికీ కనిపించేటట్లు పెట్టమని కూడా చెప్పాలి. సుద్దముక్కతో బండమీద గీత గీసినవారు ఆ పని ఏనాడో చేసి చూపించారు.